ఆర్టికల్ 14 కింద వివక్ష కేసులు: కోర్టు దేన్ని చూస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైకోర్టులో సర్వీసు కేసులు చూసే ఆఫీసుకు వచ్చేవాళ్ల చేతిలో సాధారణంగా ఒక జీవో జిరాక్సు ఉంటుంది. అందులో ఒక లైను కింద ఎర్రసిరా గీత ఉంటుంది. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అడిగే మాట కూడా ఒకటే. దాంతోనే మొదలుపెడదాం.

వాళ్లకిచ్చి మాకివ్వలేదు. ఇది వివక్ష కాదా సార్?

కావచ్చు, కాకపోవచ్చు. తేడా చూపించడమే తప్పైతే ఏ చట్టమూ నిలవదు. ఆదాయాన్ని బట్టి పన్ను రేటు మారుతుంది. 18 ఏళ్లు నిండినవాడికి ఓటుంటుంది, నాలుగు రోజులు తక్కువైనవాడికి ఉండదు. చట్టం చేయడమంటే ఎక్కడో ఒక గీత గీయడమే. గీతకు అవతల పడ్డవాడికి బాధ ఎలాగూ తప్పదు. ఆ బాధ ఎంతని కోర్టు అడగదు. గీత ఎందుకు గీశారు, సరిగ్గా అక్కడే ఎందుకు గీశారు అని అడుగుతుంది. మీ కేసు నిలిచేదీ కూలేదీ ఎక్కువగా ఆ రెండో 'ఎందుకు' దగ్గరే.

ఆర్టికల్ 14లో అసలు ఏముంది?

ఒకే వాక్యం. చట్టం ముందు సమానత్వాన్ని గానీ, చట్టాల సమాన రక్షణను గానీ భారత భూభాగంలో ఏ వ్యక్తికీ రాజ్యం నిరాకరించకూడదు. మొదటి ముక్క ఇంగ్లండ్ సంప్రదాయం. రెండోది అమెరికా రాజ్యాంగానికి 1868లో వచ్చిన 14వ సవరణలోని మాట. చట్టానికి అతీతులు ఎవరూ లేరని మొదటిది చెబుతుంది. ఒకే పరిస్థితిలో ఉన్నవాళ్లను ఒకేలా చూడమని రెండోది చెబుతుంది. వివక్ష కేసులు దాదాపు అన్నీ ఈ రెండో ముక్క మీద నడిచేవే.

'ఏ వ్యక్తికీ' అన్నారు గనక విదేశీయులైనా, కంపెనీలైనా దీన్ని పట్టుకోవచ్చు. ఆర్టికల్ 15, 16 అలా కాదు, అవి పౌరులకే. మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా రాజ్యం వివక్ష చూపకూడదని 15 అంటుంది. ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో 16 ఆ జాబితాకు వంశాన్నీ, నివాసాన్నీ కలిపింది.

సరే, కోర్టు చేతిలో ఉన్న కొలబద్ద ఏమిటి?

సహేతుక వర్గీకరణ. దీంట్లో రెండు మెట్లున్నాయి. గీతకు ఇటున్నవాళ్లకూ అటున్నవాళ్లకూ మధ్య వేలెత్తి చూపించగల తేడా ఉండాలి. ఆ తేడాకూ, చట్టం సాధించదలచిన పనికీ సంబంధం ఉండాలి. రెండో మెట్టునే మనవాళ్లయితే మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టొద్దని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఈ కొలబద్ద స్థిరపడింది 1952లో, అన్వర్ అలీ సర్కార్ కేసులో. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో జెస్సప్ ఫ్యాక్టరీ మీద సాయుధ దాడి జరిగింది. సర్కార్‌నూ, మరో 49 మందినీ పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం మామూలు కోర్టుకు కాకుండా ప్రత్యేక కోర్టుకు అప్పజెప్పింది. ఏ కేసు అక్కడికి పంపాలో ప్రభుత్వమే తేల్చుకోవచ్చని 1950 నాటి చట్టంలో ఉంది. ఎలాంటి కేసులు పంపాలో మాత్రం అందులో లేదు. త్వరగా విచారించడానికేనని ప్రభుత్వం వాదన. త్వరగా తేలాలని ఏ కేసులోనైనా అనుకుంటారు, దాన్ని బట్టి ఈ కేసును ఆ కేసు నుంచి ఎలా విడదీస్తారని కోర్టు అడిగింది. ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు ఆ నిబంధన చెల్లదన్నారు. ఒప్పుకోనిది ఒక్కరే, ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి.

చిత్రమేమిటంటే, అదే ఏడాది సౌరాష్ట్ర నుంచి దాదాపు ఇలాంటి ప్రత్యేక కోర్టుల ఆర్డినెన్సే వస్తే మెజారిటీ జడ్జీలు దాన్ని నిలబెట్టారు. ప్రజాభద్రతకు ముప్పు ఏర్పడిందనీ, అందుకే ఇదనీ కారణం ఆ ఆర్డినెన్సులోనే కనిపించడం దానికి కలిసొచ్చింది. ప్రభుత్వ న్యాయవాదులు జీవో పీఠికను అంత శ్రద్ధగా రాయించేది ఇందుకే. మీరు కూడా జీవోను ఆపరేటివ్ పేరా (అసలు ఆదేశం ఉండే భాగం) నుంచి కాకుండా పీఠిక నుంచి చదవండి.

ఒక్కరి కోసమే చట్టం చేయొచ్చా?

చేయొచ్చు. 1949లో షోలాపూర్ స్పిన్నింగ్ మిల్లు మూతపడితే కేంద్రం ఆ ఒక్క కంపెనీ కోసం ఆర్డినెన్సు, ఆపైన చట్టం తెచ్చి యాజమాన్యాన్ని తన చేతిలోకి తీసుకుంది. సుప్రీంకోర్టులో మెజారిటీ దాన్ని తప్పుపట్టలేదు. పరిస్థితి ప్రత్యేకమైనదైతే ఒక్కరు కూడా ఒక వర్గమేనంది.

దీని పక్కన హైదరాబాద్ కేసు పెట్టి చూడాలి. నవాబ్ వలీయుద్దౌలా 1935లో హజ్ యాత్రలో ఉండగా పోయారు. తామూ ఆయన భార్యలమేనంటూ ఇద్దరు స్త్రీలు ఆస్తిలో వాటా అడిగారు. వ్యవహారం ఏళ్ల తరబడి సాగింది. చివరికి హైదరాబాద్ శాసన వ్యవస్థ ఆ ఇద్దరి క్లెయిమును కొట్టేస్తూ 1950లో ఏకంగా చట్టమే చేసింది. భర్త ఆస్తి కోసం కోర్టుకెక్కిన వాళ్లు దేశంలో ఎందరో ఉండగా, వీళ్లిద్దరికే కోర్టు తలుపు మూయడానికి కారణం కనిపించడం లేదని సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వివాదం ఎక్కువ కాలం సాగింది అనేది కారణం కాదంది. మిల్లు కేసులో, నవాబు కేసులో గీత ఆకారం ఒకటే. మిల్లుకు కారణం ఉంది, నవాబు కుటుంబానికి లేదు.

రుజువు చేయాల్సింది ఎవరు?

మొదట మీరే. చట్టం రాజ్యాంగబద్ధమేనన్న అనుకోలుతోనే కోర్టు మొదలుపెడుతుంది. 1958 నాటి రామకృష్ణ దాల్మియా తీర్పు ఈ సూత్రాలన్నిటినీ ఒకచోట పేర్చింది, నేటికీ ప్రభుత్వం జవాబుగా వేసే ప్రతి కౌంటర్‌లోనూ అది కనబడుతుంది. పన్నులు, ఆర్థిక విధానాల విషయంలో ప్రభుత్వానికి మరింత వెసులుబాటు. 1981 నాటి బేరర్ బాండ్ల కేసులో సుప్రీంకోర్టు ఆ మాట బాహాటంగానే చెప్పింది.

రెండు సందర్భాల్లో ఈ భారం తేలికవుతుంది. ఒకటి, కులం, మతం, లింగం లాంటి 15వ ఆర్టికల్ జాబితా గీతలోనే కనిపించినప్పుడు. రెండు, రాజ్యాంగానికి ముందు చేసిన చట్టాలు. అప్పటి పాలకులకు మన ప్రాథమిక హక్కులు తెలియవు గనక ఆ అనుకోలు వాటికి వర్తించదని 2018 నాటి నవ్‌తేజ్ సింగ్ జోహర్ తీర్పులో జస్టిస్ నారిమన్ రాశారు. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయించి, ఆడవాళ్ల దుస్తుల్లో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చన్న నిజాం కాలపు చట్టం (1329 ఫస్లీ) ఒకటి మన దగ్గర పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. తెలంగాణ హైకోర్టు దాన్ని ఆర్టికల్ 14, 21లకు విరుద్ధమని 2023 జులైలో కొట్టేసింది.

కటాఫ్ తేదీకి ఒక్క రోజు ముందు రిటైరయ్యాను. కేసు వేయొచ్చా?

ఇది అడగని పింఛనుదారు లేడు. అడిగేవాళ్లందరి నోటా వచ్చే పేరు నకారా, సుప్రీంకోర్టులో నడిచిన ఒక పింఛను కేసు.

1979లో కేంద్రం పింఛను లెక్కను మెరుగుపరిచింది. చివరి 36 నెలల సగటు జీతానికి బదులు 10 నెలల సగటు తీసుకుంటారు. అయితే ఆ ఏడాది మార్చి 31న గానీ, ఆ తర్వాత గానీ రిటైరైనవాళ్లకే. 30న దిగిపోయినవాడికి పాత లెక్క, 31న దిగిపోయినవాడికి కొత్త లెక్క. ఇద్దరూ అదే సర్వీసు చేశారు, ఇద్దరికీ ముసలితనం ఒకటే, ధరలూ ఒకటే. పింఛను ఉద్దేశం వృద్ధాప్యంలో ఆసరా అయినప్పుడు ఈ తేదీకీ ఆ ఉద్దేశానికీ సంబంధం ఏమిటి? ఐదుగురు జడ్జీల ధర్మాసనం 1982 డిసెంబరు 17న ఆ తేదీ మాటలను ఉత్తర్వు నుంచి తీసేసింది. మన ఊళ్లలో పెన్షనర్ల సంఘాలు ఏటా డిసెంబరు 17న జరుపుకునే పెన్షనర్ల దినోత్సవం ఆ తీర్పు తేదీయే.

ఇక చేదు మాట. నకారా అన్ని తాళాలకూ పట్టే చెవి కాదు. ఉన్న పింఛను పథకాన్నే మెరుగుపరచడం వేరు, కొత్త పథకం పెట్టడం వేరని తర్వాతి తీర్పులు దాన్ని బిగించాయి. ఖజానాలో డబ్బు లేదు గనక ఫలానా తేదీ పెట్టామంటే అది చెల్లే కారణమేనని గ్రాట్యుటీ విషయంలో 2005లో అమర్‌నాథ్ గోయల్ కేసు చెప్పింది. కాబట్టి మీ జీవోలో పెరిగింది పాత ప్రయోజనమా, పుట్టింది కొత్తదా అన్నది ముందు తేల్చుకోండి.

'ఏకపక్షం' అని అందరూ వాడతారు. అది వేరే పరీక్షా?

వేరేదే. పోల్చడానికి అవతల వర్గమేదీ లేకపోయినా, నిర్ణయమే ఇష్టారాజ్యంగా ఉంటే అదే సమానత్వానికి విరుద్ధమని 1973 నవంబరులో రాయప్ప కేసులో జస్టిస్ భగవతి అన్నారు. తమిళనాడు చీఫ్ సెక్రటరీగా ఉన్న రాయప్పను వేరే పోస్టుకు మార్చడం మీద ఆ కేసు. ఆ వాక్యాలను యాభై ఏళ్లుగా ప్రతి లాయరూ అప్పగిస్తున్నాడు. ఆ కేసులో రాయప్ప ఓడిపోయాడన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు.

అధికారి ఇచ్చిన ఆర్డరు మీద ఈ పరీక్ష బాగా పనిచేస్తుంది. శాసనసభ చేసిన చట్టం మీద పనిచేస్తుందా అన్నదాని మీద చాలాకాలం పేచీ నడిచింది. ఎన్టీఆర్ హయాంలో వచ్చిన మద్యనిషేధ చట్టం మీద మద్యం తయారీ కంపెనీలు వెళితే, ఏకపక్షమన్న ఒక్క మాటతో చట్టాన్ని కొట్టేయలేమని 1996లో మెక్‌డోవెల్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2017లో తక్షణ ట్రిపుల్ తలాక్ తీర్పులో జస్టిస్ నారిమన్ దాన్ని ఒప్పుకోలేదు. చట్టం స్పష్టంగా ఏకపక్షమైతే కొట్టేయొచ్చన్నారు. మరుసటి ఏడాది ఐపీసీ 377 (స్వలింగ సంబంధాలు), 497 (వ్యభిచారం) సెక్షన్ల తీర్పుల్లో ఈ దారే వాడారు.

ఆడవాళ్లకు వేరే రూలు పెడితే కోర్టు ఏమంటుంది?

ఏ కాలపు కోర్టు అన్నదాన్ని బట్టి ఉంది. 1981లో ఎయిరిండియా ఎయిర్ హోస్టెస్‌ల కేసు చూడండి. 35 ఏళ్లు నిండినా, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం దాల్చినా ఉద్యోగం పోతుంది. అదే విమానంలో అదే ట్రే మోసే మగవాళ్లకు ఈ షరతుల్లేవు. వాళ్ల క్యాడరు వేరు, నియామకం వేరు గనక పోలికే కుదరదని కోర్టు అంది. పెళ్లి షరతును నిలబెట్టింది. గర్భం షరతును మాత్రం కొట్టేసింది. సర్వీసు పొడిగింపును మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టానికి వదలడాన్ని కూడా కొట్టేసింది. క్యాడరుకు వేరే పేరు పెట్టి వివక్షను దాటవేయొచ్చన్నట్టు తయారైన ఈ తీర్పు నాకు మొదటి నుంచీ మింగుడుపడదు.

2007 చివర్లో వచ్చిన అనూజ్ గర్గ్ తీర్పు స్వరం వేరు. మద్యం తాగే చోట ఆడవాళ్లను పనిలో పెట్టుకోకూడదని 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టంలో ఉంది. వాళ్ల భద్రత కోసమేనన్నారు. భద్రత లేకపోతే భద్రత కల్పించాలి గానీ ఉద్యోగం తీసేయడమేమిటని కోర్టు అడిగింది. 'మీ మంచికే' అంటూ పెట్టిన రూలు నిజంగా మంచికేనా, పాత అభిప్రాయాలకు పూసిన పూతా అని అప్పటి నుంచి గీకి చూస్తున్నారు.

రూలు అందరికీ ఒకటే, కానీ దెబ్బ మాకే తగులుతోంది. ఇదీ వివక్షేనా?

అవును. దీన్ని పరోక్ష వివక్ష అంటారు. 2021 మార్చి 25న వచ్చిన నితీశ తీర్పు ఈ విషయంలో చదవాల్సింది. సైన్యంలో మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా కొనసాగే ఉద్యోగం) ఇవ్వాలని అంతకు ఏడాది ముందే సుప్రీంకోర్టు చెప్పింది. సైన్యం బోర్డు పెట్టింది. మగవాళ్లకున్న ఫిట్‌నెస్ ప్రమాణాన్నే వీళ్లకూ పెట్టింది. కాగితం మీద పూర్తి సమానత్వం! కానీ మగ అధికారులకు ఆ పరీక్ష సర్వీసు ఐదో ఏటో, పదో ఏటో అవుతుంది. వీళ్లకు అప్పట్లో ఆ అవకాశమే ఇవ్వలేదు గనక నలభై దాటాక పెట్టారు. పనితీరు మీద పై అధికారులు రాసిన పాత రహస్య నివేదికలదీ అదే కథ. ఎలాగూ పర్మనెంట్ చేయరు కదా అన్న లెక్కలో అప్పుడు రాసినవాటినే ఇప్పుడు మార్కులకు తీశారు. వివక్ష చూపాలన్న ఉద్దేశం ఉందా లేదా అని కాదు, ఫలితం ఎవరి మీద పడుతోందన్నది చూడాలని కోర్టు తేల్చింది.

ఈ ఆలోచన మన హైకోర్టుకు కొత్త కాదు. 1983లోనే టి.సరిత కేసులో జస్టిస్ పి.ఎ.చౌదరి, విడిగా ఉంటున్నవాళ్లను తిరిగి కాపురానికి రమ్మనే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ భార్యాభర్తలిద్దరికీ ఒకేలా కనిపిస్తున్నా నిజజీవితంలో భర్త చేతి ఆయుధంగానే ఉంటుందంటూ చెల్లదన్నారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది.

అమెరికాలో 'స్ట్రిక్ట్ స్క్రూటినీ' అంటారట. మనకూ ఉందా?

అక్కడ మూడంచెలు. జాతి ఆధారంగా గీత గీస్తే ప్రభుత్వం అత్యంత బలమైన కారణం చూపాలి, అదీ అంతకు మించి దారి లేదన్నట్టుండాలి. ఆడ, మగ తేడా అయితే మధ్యస్థ పరీక్ష. మిగతావాటికి ఏదో ఒక సహేతుక కారణం చాలు. 2023లో హార్వర్డ్, నార్త్ కరోలినా వర్సిటీల అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడం కుదరదన్నది ఆ మొదటి అంచె తీర్పే. అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగువాళ్లు అడుగుతుంటారు గనక చెబుతున్నాను.

మన సుప్రీంకోర్టు 2008లో అశోక్ కుమార్ ఠాకూర్ కేసులో, రిజర్వేషన్ల విషయంలో ఆ పరీక్షను యథాతథంగా తీసుకోబోమంది. కారణం సబబే. అక్కడ రాజ్యాంగం రిజర్వేషన్ మాటే ఎత్తదు, ఇక్కడ రాజ్యాంగమే అనుమతిస్తుంది. ఇంకో తేడా: 1976 నుంచి అమెరికాలో రాజ్యాంగం కింద గెలవాలంటే వివక్ష చూపే ఉద్దేశం ఉందని చూపాలి. ఆ విషయంలో నితీశ తీర్పు వేరే దారిలో నడిచింది.

రిజర్వేషన్లు సమానత్వానికి మినహాయింపా?

మద్రాసు రాష్ట్రంలో (కోస్తా, రాయలసీమ అప్పుడు అందులోనే) కాలేజీ సీట్లను ప్రతి 14కూ కులాలవారీ పంచే కమ్యూనల్ జీవో ఉండేది. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో అది పోయింది, ఆ వెంటనే రాజ్యాంగ మొదటి సవరణతో, వెనకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చనే 15(4) వచ్చింది. మొదట్లో మినహాయింపుగా చూసినా, 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పుకల్లా ఉద్యోగ రిజర్వేషన్లకు వీలిచ్చే 16(4)ను సమానత్వంలో భాగంగానే చూశారు. 50 శాతం పరిమితి కూడా ఆ తీర్పులోదే.

దీంట్లో మన రాష్ట్రాల వాటా పెద్దది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్సీల 15 శాతాన్ని ఏ, బీ, సీ, డీలుగా 1, 7, 6, 1గా విడదీసింది. ఎస్సీలంతా రాష్ట్రపతి జాబితాలో ఒకే వర్గం, దాన్ని చీల్చడం ఆర్టికల్ 14కు విరుద్ధమని 2004లో చిన్నయ్య తీర్పు. అందరినీ ఒకే గాటన కట్టడమే అసమానత్వం కదా అని మాదిగ దండోరా అడుగుతూనే ఉంది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు ఆ వాదనవైపు వచ్చారు. ఆధారాలతో ఉపవర్గీకరణ చేయొచ్చన్నారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ 1, 9, 5గా, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా అమల్లోకి తెచ్చాయి. ఇరవై ఏళ్ల తేడాతో ఒకే ఆర్టికల్ రెండు జవాబులిచ్చింది.

ఏజెన్సీ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను మాత్రం 2020లో నూటికి నూరు శాతం కుదరదంటూ కొట్టేశారు. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు షరతులతో నిలబెట్టారు.

లోకల్, నాన్‌లోకల్ తేడా వివక్ష కాదా?

ఆర్టికల్ 16 చూస్తే వివక్షే అనిపిస్తుంది. 1969 మార్చిలో సుప్రీంకోర్టు అలాగే అంది కూడా: నివాస షరతు రాష్ట్రం మొత్తానికి పెట్టొచ్చు గానీ, రాష్ట్రంలో ఒక భాగమైన తెలంగాణకు పెట్టకూడదంది. 1972లో, నిజాం కాలం నుంచి ఉన్న, ఉద్యోగాలు స్థానికులకేనన్న పాత ముల్కీ నిబంధనలు చెల్లుతాయని ఇంకో తీర్పు వచ్చింది. ఇటు తెలంగాణ ఉద్యమం, అటు జై ఆంధ్ర. చివరికి స్థానికులకు ప్రాధాన్యమిచ్చే ఆరు సూత్రాల పథకం, దానికోసం రాజ్యాంగంలో చేర్చిన 371డి ఆర్టికల్. రాజ్యాంగంలో ఇంకెక్కడ ఏమున్నా ఈ ఆర్టికలే చెల్లుతుందని అందులోనే రాశారు. అందువల్ల దాని కింద లోకల్ కోటాలు, జోన్లు తేల్చే రాష్ట్రపతి ఉత్తర్వును 14తో కొట్టలేరు. ఉత్తర్వుకు విరుద్ధంగా మీ జోన్ లెక్క వేశారంటే మాత్రం వాదించొచ్చు.

ప్రైవేటు కంపెనీ మీద వేయొచ్చా?

ఆర్టికల్ 14 కింద మామూలుగా కుదరదు. అది రాజ్యానికి చెప్పిన మాట. అంటరానితనం (17), దుకాణాలు, హోటళ్లు, బావుల్లో ప్రవేశం (15(2)) ప్రైవేటు వ్యక్తుల మీదా పనిచేస్తాయి. మిగతావాటికి కార్మిక చట్టాలు చూసుకోవాలి.

పక్కవాడికి అర్హత లేకున్నా ఇచ్చారు. నాకూ ఇమ్మనొచ్చా?

అనకూడదు. ఒకరికి చేసిన తప్పును రెండోవాడికీ చేయమని కోర్టు చెప్పదు. మీ అర్హత మీ కాగితాల్లోనే కనిపించాలి.

కాంట్రాక్టు ఉద్యోగిని. పని అదే, జీతం సగం.

2016 అక్టోబరులో జగ్‌జీత్ సింగ్ తీర్పు చూడండి. అదే పోస్టులో రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తుంటే ఆ స్కేలులో కనీస మొత్తం ఇవ్వాలంది. పోస్టు పేరు కలిస్తే చాలదు, పని కలవాలి. డ్యూటీ చార్టు, హాజరు పట్టీ, పని అప్పగించిన మెమోలు లేకుండా వస్తే కౌంటర్‌లో 'పని స్వభావం వేరు' అని ఒక్క లైను రాసి జీపీ గారు (ప్రభుత్వ న్యాయవాది) కూర్చుంటారు.

ఎప్పటిలోగా వేయాలి? ఏం తేవాలి?

హక్కుల కోసం హైకోర్టులో వేసే రిట్‌కు ఫలానా రోజులని గడువు లేదు. అలాగని ఎవరో వేసి గెలిచేదాకా గట్టు మీద కూర్చుని, తర్వాత మేమూ వాళ్లలాంటివాళ్లమేనంటూ వస్తే కోర్టు సాధారణంగా ఒప్పుకోదు. తీర్పు అందరికీ వర్తించేలా ఇచ్చినదైతే ఆ మాట వేరు.

తేవాల్సినవి: జీవో మొత్తం, పీఠికతో సహా, ఎర్రగీత ఉన్న ఒక్క పేజీ కాదు. దానికి ముందటి జీవో. మీతో సమానమని చెప్పే కనీసం ఇద్దరి ఆర్డర్లు, సమాచార హక్కు కింద తెప్పించుకున్నవైతే మంచిది. మీరు పెట్టుకున్న అర్జీ, దాని అక్నాలెడ్జ్‌మెంట్. అర్జీ పెట్టకుండా వస్తే, ముందు అది పెట్టి రండి.